కిరాయి ఇంట్లో పురుడు

మా ఆయనతో పాటు బొగ్గుబాయిలో పనిచేసిన ఒకాయన వచ్చే ఏడు రిటైర్ కాబోతున్నాడు. మొన్న ఆదివారం భార్యను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. ఇల్లు మొదలుపెట్టారట. కింద తాము ఉండి, పైన రెండు పోర్షన్లు వేసి కిరాయికి ఇద్దామనుకుంటున్నారట. "మీకు అనుభవం ఉన్నది గద వదినా, కొత్తోళ్లకు నాలుగు మాటలు చెప్పున్రి" అని అడిగాడు. అనుభవం అన్న మాట వినపడగానే మా ఆయన లేని దగ్గు తెచ్చుకొని వాకిట్లోకి వెళ్లిపోయాడు.

నేను మాత్రం కుర్చీలో కాస్త నిటారుగా కూర్చున్నాను. సలహా అడిగిన మనిషిని ఉత్త చేతులతో పంపే అలవాటు మా వంశంలో లేదు. కరెంటు మీటరు దగ్గర మొదలుపెట్టి ఆషాఢమాసం దాకా వచ్చాను. వాళ్లు వెళ్లిపోయాక ఆలోచిస్తే, చెప్పినవన్నీ నేను బోల్తాపడిన సంగతులే. చెప్పకుండా మిగిలిపోయింది ఒక్కటే, అసలు సంగతి అదే. అది టీ తాగేంత సేపట్లో తెమిలేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు మా బతుకు తెలియాలి. మాది బొగ్గుబాయి సంసారం. పెళ్లయి వచ్చిన నాటి నుంచి కంపెనీ క్వార్టర్‌లోనే ఉన్నాం. వరసగా ఒకే రకం ఇళ్లు, ఒకే రంగు తలుపులు. కొత్తలో ఒకసారి బజారు నుంచి వచ్చి, పక్కవాళ్ల వంటింట్లోకి వెళ్లి, నా బియ్యం డబ్బా ఎవరు జరిపారని కోపం చేశాను కూడా. కరెంటుకు బిల్లు లేదు, నీళ్లకు బిల్లు లేదు. నల్లా కారితే సివిల్ ఆఫీసులో కంప్లైంట్ పెట్టాలి. పెడితే ఒక మనిషి తనకు బుద్ధి పుట్టిన రోజున పానా పట్టుకొని వస్తాడు. రాకపోతే మళ్లీ కంప్లైంట్. సాయంత్రం అరుగుల మీద కూర్చొని కంపెనీని తిట్టడం మా లైన్‌లో ఆడవాళ్లందరికీ ఉన్న కాలక్షేపం. మాకు అన్నం పెట్టేదీ కంపెనీయే, మా చేత తిట్లు తినేదీ కంపెనీయే.

రిటైరైతే క్వార్టర్ తాళంచెవి ఇచ్చేయాలి. ఆ రోజు దగ్గరపడేసరికి మా ఆయనకు ఒక బ్రోకరు తగులుకున్నాడు. భద్రాచలం అవతల రోడ్డు పక్కనే జాగా ఉందనీ, ఇటు వైపు ధరలో సగం కూడా ఉండదనీ ఊదరగొట్టాడు. మా ఆయన అప్పటికప్పుడే గోదావరి గాలి పీలుస్తున్నట్టు ముఖం పెట్టాడు. ఇంత అగ్గువ ఎందుకని నేను అడిగాను. కాగితాలు కొంచెం అటూ ఇటూ ఉంటాయమ్మా, అందరూ అట్లనే కొంటున్నారని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. మా లైన్‌లో ఉండే టీచరమ్మను అడిగితే, అది ఏజెన్సీ, అక్కడి భూమి అక్కడి గిరిజనులదే, బయటివాళ్ల పేరు మీదికి ఎక్కదు, ఎక్కిస్తామని ఎవరన్నా అంటే వాళ్లు మిమ్మల్ని ముంచుతున్నట్టే అని తేల్చి చెప్పింది. మా ఆయన నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఐదో రోజు నుంచి ఆ జాగా వద్దన్నది తానేనని అందరికీ చెప్పుకుంటున్నాడు. జాగా అగ్గువకు వస్తుందంటే ముందు ఆ అగ్గువ ఎందుకో కనుక్కోండని నేను కొత్తవాళ్లకు చెప్పేది అందుకే.

అట్లా మేం ఏజెన్సీ హద్దు దాటి, కొత్తగూడెం నుంచి ఖమ్మం వైపు వచ్చే దారిలో ఒక కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నాం. కింద మేం, పైన ఒక పోర్షన్. గృహప్రవేశం అయింది, చుట్టాలు వెళ్లిపోయారు. కానీ ఎందుకో ఆ ఇల్లు నాది అనిపించేది కాదు. గోడకు మేకు కొట్టాలంటే కొట్టనిస్తారో లేదో అన్నట్టు చూసేదాన్ని. ఏదో ఒక రోజు ఎవరో ఆఫీసు మనిషి వచ్చి, అమ్మా తాళంచెవి ఇవ్వండి అంటాడేమోనని ఉండేది. ఈ సంగతి మా ఆయనకు చెబితే, నీకు సొంతిల్లు కాదు, పిచ్చాసుపత్రి కట్టించాల్సింది అన్నాడు.

పై పోర్షన్ మొదట ఇస్త్రీ చేసుకునే కుటుంబానికి ఇచ్చాం. మంచివాళ్లు, నోరెత్తి మాట్లాడరు. కిరాయిలోనే కరెంటు, నీళ్లు అన్నీ కలిపి చెప్పాం. మాకు క్వార్టర్‌లో అట్లాగే ఉండేది కదా, కరెంటుకు వేరే లెక్క ఉంటుందన్న ఆలోచనే మాకు రాలేదు. ఇంటి మొత్తానికి ఒకటే మీటరు పెట్టించాం. వాళ్లు పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా కాలనీ బట్టలన్నీ మా కరెంటుతో ఇస్త్రీ చేశారు. మొదటి బిల్లు వచ్చిన రోజు మా ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, ఇది కాలనీ మొత్తానికి కలిపి ఇచ్చినట్టున్నారు, పొరపాటున మన గేటుకు పెట్టిపోయారు అని పక్కింటికి తీసుకెళ్లాడు. ఆయన చొక్కా మాత్రం ఆ నెలంతా కత్తిలా మడత నలగకుండా ఉంది.

పక్కింటావిడ అప్పుడే మా జీవితంలోకి వచ్చింది. ఆమెకు ఇదే కాలనీలో మూడిళ్లు ఉన్నాయి, మూడూ కిరాయికే. ఆ బిల్లు చూసి ఆమె నవ్వలేదు, జాలిపడింది. ఆ రోజు నుంచి ప్రహరీ గోడకు అటు ఆమె, ఇటు నేను, నాకు చదువు మొదలైంది. వేరే మీటరు పెట్టించమంది, పెట్టించాం. వచ్చినవాళ్లను ఎంతమంది ఉంటారని అడగొద్దు, దిగేటప్పుడు వాళ్ల అన్నం గిన్నె ఎంతుందో చూడమంది. ఒప్పందం పదకొండు నెలలకే రాయించమంది. వకీలుకూ పోలీసుకూ ఇవ్వొద్దంది. కిరాయివాళ్లు మంచివాళ్లయినా ఆ మాట వాళ్లకు తెలియనివ్వొద్దంది. అన్నింటికంటే ముఖ్యమైన మాటను గొంతు తగ్గించి చెప్పింది.

"కొత్తగ పెండ్లైనోళ్లకు ఇయ్యకు వదినా. పురుడు ఎవరింట్ల కావాల్నో వాళ్లింట్లనే కావాలె. కిరాయి ఇంట్ల ఐతే ఓనర్లకు అచ్చిరాదు."

ఇది ఆమె కనిపెట్టిన మాట కాదు. మా వైపు చాలామంది ఓనర్లకు ఈ పట్టింపు ఉంది. కాన్పు దవాఖానాలో అయినా పురిటి రోజులు గడిచేది ఇంట్లోనే కదా. ఆడమనిషికి ఏడో నెల వచ్చిందంటే ఇల్లు ఖాళీ చేయమంటారు, లేదా పుట్టింటికి పంపి పురుడు వెళ్లాక తెచ్చుకోమంటారు. నేను ఓనర్ అయి ఎన్నాళ్లో కాలేదు కాబట్టి, ఓనర్లకు ఉండే పట్టింపులన్నీ నాకూ ఉండాలనుకున్నాను. కొత్తగా కళ్లజోడు పెట్టుకున్న మనిషి ఊరికే దాన్ని సర్దుకుంటున్నట్టు, ఆ రోజుల్లో నేను నా ఓనర్ తనాన్ని సర్దుకుంటూ ఉండేదాన్ని.

ఇస్త్రీ వాళ్లు వెళ్లాక మళ్లీ బోర్డు పెట్టాం. వచ్చిన ప్రతి జంటనూ నేను పై నుంచి కింది దాకా చూసి, ముఖ్యంగా ఆడపిల్ల నడుము వైపు చూసి, మా అన్నయ్య కొడుకు వస్తానన్నాడని అబద్ధం చెప్పి పంపించేదాన్ని. చివరికి ఒక నర్సమ్మ వచ్చింది. కొత్తగూడెంలో పెద్ద దవాఖానాలో ఉద్యోగం. భర్త బస్సు కండక్టరు. ఒక్కతే బిడ్డ, బడికి పోతోంది. సొంతూరు చర్ల అవతల, అడవిలో ఒక గూడెం. ఇంకా పిల్లలు... అని నేను సాగదీస్తుంటే, ఆమె నా కష్టం అర్థం చేసుకొని, "ఆపరేషన్ అయిపోయిందాంటీ" అంది. ఆ ఆపరేషన్ నాకే అయినంత సంతోషపడ్డాను. వెంటనే గదులు చూపించాను.

షరతులు అప్పజెప్పాను. గోడలకు మేకులు కొట్టొద్దు. మోటరు స్విచ్ నా దగ్గరే ఉంటుంది, తాళం వేసి. ఆషాఢంలో గానీ పుష్యంలో గానీ ఇల్లు ఖాళీ చేయడానికి వీల్లేదు. శూన్యమాసంలో ఇంటి నుంచి మనిషి కదిలితే ఆ ఇంటికి మంచిది కాదు. ఈ చివరిది మా అత్తగారి నుంచి నాకు వచ్చిన ఆస్తి. అన్నింటికీ నర్సమ్మ సరేనని తలూపింది. ఆమె తలూపే పద్ధతి చూస్తే, దవాఖానాలో మంచం దిగనని మొండికేసే ముసలమ్మలకు కూడా అట్లాగే తలూపుతుందేమో అనిపించింది.

వాళ్లు దిగిన వారానికే వంటింట్లో నల్లా కారింది. నర్సమ్మ మెట్లు దిగి వచ్చి ఆ మాట చెప్పింది. నేను కూరగాయలు తరుగుతూ తల ఎత్తకుండానే, "కంప్లైంట్ పెట్టు బిడ్డా, ఒక్కోసారి జల్దీనే వస్తరు" అన్నాను. ఆమె అక్కడే నిలబడింది. "ఎవరికి పెట్టాల్నాంటీ?" అని మెల్లగా అడిగింది. కత్తిపీట మీద నా చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్లూ నేను అరుగు మీద కూర్చొని తిట్టిన ఆ కంపెనీ, ఇప్పుడు నేనే. లోపల మా ఆయన పడి పడి నవ్వుతున్నాడు. అప్పటి నుంచి ఇంట్లో ఏ తిప్పలొచ్చినా, ఉప్పు తక్కువైనా సరే, సివిల్ ఆఫీసుల కంప్లైంట్ పెట్టరాదూ అనడం ఆయనకు ఊతపదమైంది.

మిగతాదంతా బాగానే ఉండేది. పైన కుర్చీ జరిగినా, గిన్నె పడినా పక్కింటావిడ గోడ మీది నుంచి అడిగేది, గా చప్పుడు ఎవరిది వదినా అని. "కిరాయోళ్లది" అని నేను దర్జాగా చెప్పేదాన్ని. ఆ మాట అనడానికే ఇల్లు కట్టించుకున్నామేమో అన్నంత బాగుండేది నాకు.

ఎండలు ముదిరినప్పుడు ఒక పొద్దున వాకిలి ఊడుద్దామని తలుపు తీస్తే, అప్పటికే ఎవరో ఊడ్చి పెట్టారు. మెట్ల మీద ఒక అమ్మాయి చీపురు పక్కన పెట్టుకొని కూర్చొని ఉంది. సన్నటి మనిషి, చామనఛాయ, పెద్ద కళ్లు. నన్ను చూసి లేచి నిలబడింది. నిలబడగానే నా చూపు నడుము మీదికి పోయింది. ఏడో నెల ఉంటుంది, తక్కువ ఉండదు.

నర్సమ్మ చెల్లెలట. గూడెం నుంచి కాన్పుకు వచ్చింది. వానలు పడకముందే వచ్చేసిందట, తొలి కాన్పు. నేను ఒక ఆడపిల్ల నడుము చూసి జాగ్రత్తగా కిరాయికి ఇస్తే, ఆ జాగ్రత్తంతా ఆమె చెల్లెలి రూపంలో వచ్చి మెట్ల మీద కూర్చుంది.

పక్కింటావిడకు ఆ మధ్యాహ్నానికే తెలిసింది. ఆమెకు తెలియకుండా ఆ కాలనీలో పిల్లి కూడా ఈనదు. మొహమాటపడితే నువ్వే నష్టపోతవు, ఇయ్యాలే చెప్పు అంది. నాకూ అదే మంచిదనిపించింది. చెప్పాల్సిన మాటలు వంటింట్లో నిలబడి ఒకటికి రెండుసార్లు అనుకొని పైకి వెళ్లాను. వెళ్లేసరికి అక్కాచెల్లెళ్లు కోయ భాషలో ఏదో మాట్లాడుకొని నవ్వుకుంటున్నారు. నన్ను చూసి ఆ అమ్మాయి ఒక బుట్ట తెచ్చి ముందు పెట్టింది. తునికిపండ్లు. చిన్నప్పుడు తిన్నానేమో, మళ్లీ నోట్లో పెట్టుకోలేదు. ఒకటి తిన్నాను, ఇంకోటి తిన్నాను. పండ్లన్నీ కొంగులో కట్టుకొని కిందికి దిగాను. చెప్పొచ్చినవా అని మా ఆయన అడిగితే నా నోటి నిండా పండు ఉంది.

ఇంకోసారి గట్టిగా అనుకొనే వెళ్లాను. ఆ రోజు నేను నోరు తెరవకముందే ఆ అమ్మాయి అడిగింది. "నీళ్లకు గూడ తాళం ఏస్తరా పెద్దమ్మా?"

మోటరు స్విచ్ సంగతి. వెటకారమా అని ముఖం చూశాను. కాదు, నిజంగానే ఆశ్చర్యపోతోంది. నీళ్లు వృథా అవుతాయి బిడ్డా, ఇక్కడ బోరు ఎండిపోతుంది అని నేను చెప్పుకుంటూ పోయాను. ఆమె అంతా విని, మా దగ్గర నీళ్లకు తాళం వేసే మనిషి ఉంటే బాగుండు అంది. ఆ మాట ఎందుకందో నాకు అప్పుడు తెలియలేదు. ఆ రోజు కూడా చెప్పకుండానే వచ్చేశాను, ఈసారి సీసాలో తేనె పట్టుకొని. మా ఆయన సీసా వంక చూసి, ఇంకో రెండు సార్లు పోతే మనకు వంట చేసే పని ఉండదు అన్నాడు.

ఈ లోపు ఆషాఢం వచ్చింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆషాఢంలో ఎవరూ ఇల్లు కదలకూడదన్న షరతు నాదే. ఇక నేను చెప్పాలన్నా చెప్పలేను. పక్కింటావిడ అడిగితే చేతులు ఎత్తేసి, ఏం చేయను వదినా, శూన్యమాసం అన్నాను. ఆమె పళ్లు కొరికింది. నా షరతుకు నేనే దొరికిపోయానని ఆమె అనుకుంది. నిజానికి నేను ఆ షరతు కింద గొడుగు కింద దూరినట్టు దూరాను.

కానీ ఆమె ఊరుకునే మనిషి కాదు. ఒక పూట నర్సమ్మ డ్యూటీకి వెళ్తుంటే గేటు దగ్గర ఆపి, మీ చెల్లెను ఎప్పుడు పంపుతున్నరు, పాపం ఓనరామె మొహమాటానికి చెప్పలేకపోతున్నది అని అనేసింది.

ఆ సాయంత్రం అక్కాచెల్లెళ్లిద్దరూ కిందికి వచ్చారు. బయట సన్నగా వాన పడుతోంది. కూర్చోమంటే నర్సమ్మ కూర్చోలేదు. ఆ అమ్మాయి మాత్రం గోడ పట్టుకొని మెల్లగా కింద కూర్చుంది.

నర్సమ్మ నిష్ఠూరంగా మాట్లాడలేదు, అదే నాకు కష్టమైంది. మీ పద్ధతి మాకు తెలియదాంటీ, తెలిస్తే ముందే చూసుకునేవాళ్లం అంది. దవాఖానా దగ్గర గది కోసం అప్పటికే తిరిగిందట. గది చూపిస్తున్నారట, ఎన్నో నెల అని అడుగుతున్నారట, తలుపు వేసుకుంటున్నారట. దవాఖానాలో ముందుగానే చేర్చుకుందామంటే నెల ముందు మంచం ఇవ్వరు. ఇక గూడేనికే పంపిస్తాను, ఆషాఢం పోయేదాకా మాత్రం ఉండనివ్వండి అంది.

గూడెం అంటే దారి ఎట్లా అని అడిగాను. అడగకుండా ఉంటే ఏమయ్యేదో. చెల్లెలు చెప్పింది, తల వంచుకొని, చాప అంచు గోకుతూ.

"నడుమ వాగు ఉంటది పెద్దమ్మా. పోయిన వానకాలం మా వదినకు నొప్పులొస్తే మంచం మీద మోసుకొచ్చిన్రు. వాగు నిండుగ పోతున్నది. ఒడ్డు మీదనే కూసున్నం. నీళ్లు తగ్గేసరికి బిడ్డ లేడు."

నీళ్లకు తాళం వేసే మనిషి ఉంటే బాగుండని ఎందుకందో అప్పుడు అర్థమైంది. మా ఆయన లోపలి గదిలో టీవీ చప్పుడు తగ్గించాడు.

వాళ్ల ఊళ్లో నేను గజం జాగా కొనలేను. చట్టం ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడమే మంచిది. మా ఊళ్లో వాళ్లకు ఒక్క గది కిరాయికి దొరకదు. దీనికి చట్టం ఏదీ లేదు, మేమే ఉన్నాం. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పలేను. పక్కింటావిడ మీద అనుకుందామంటే, ఆమె చెప్పిన మాటనే వంటింట్లో నిలబడి వల్లెవేసింది నేను.

మా పిల్లలిద్దరి పురుళ్లూ క్వార్టర్‌లోనే జరిగాయి. మా అత్తగారు పెద్ద గిన్నెతో నీళ్లు కాచి, నన్ను కూర్చోబెట్టి పోసింది. లైన్‌లో ఆడవాళ్లు వంతులేసుకొని కారం అన్నం తెచ్చారు. ఆ గోడలు మావి కావు, ఆ నీళ్లు మావి కావు, ఆ పొయ్యిలో బొగ్గు కూడా మాది కాదు. కంపెనీ ఒక్కసారి కూడా వచ్చి, అమ్మా నీకు ఎన్నో నెల అని అడగలేదు. ఇన్ని తిట్లు తిని కూడా అడగలేదు. ఇప్పుడు కంపెనీని నేను.

ఓనర్ గొంతు తెచ్చుకున్నాను. ఆ గొంతు లేకపోతే ఏడ్చేసేదాన్నేమో.

"ఆషాఢంల మా ఇంట్లకెల్లి ఎవ్వరు కదలొద్దని ముందే చెప్పిన. షరతంటే షరతు."

నర్సమ్మ తలూపింది. ఆషాఢం పోయినాకనే పంపిస్తానాంటీ అంది.

"పోయినంక శ్రావణం. శ్రావణంల లచ్చిమిని ఇంట్లకెల్లి ఎవరన్న బయటికి పంపుతరా? అది పోతే భాద్రపదం, మళ్ల శూన్యమాసమే. ఆశ్వయుజంల బతుకమ్మ. అప్పటికి చూద్దాం తియ్యి."

నర్సమ్మ నా ముఖం వంకే చూస్తూ నిలబడింది. నేను ఏమంటున్నానో అర్థం కావడానికి ఆమెకు ఒక్క క్షణం పట్టింది. తర్వాత కళ్లు తుడుచుకుంది. చెల్లెలు మాత్రం వేళ్లు మడిచి నెలలు లెక్కపెట్టుకొని, "గట్లైతే మీ ఇంట్ల దిగినోళ్లు ఎప్పటికి పోలేరా పెద్దమ్మా?" అని అడిగింది. లోపలి నుంచి మా ఆయన నవ్వు వినిపించింది. చాలా రోజుల తర్వాత నన్ను చూసి కాకుండా నాతో పాటు నవ్వాడు.

శ్రావణం మొదలైన వారానికి, ఒక పట్టపగలు, నొప్పులు వచ్చాయి. నర్సమ్మ డ్యూటీలో ఉంది, కండక్టరు బస్సు మీద ఉన్నాడు. మా ఆయన చెప్పులు మర్చిపోయి ఆటో కోసం రోడ్డుకు పరిగెత్తాడు. ఆటోలో దారి పొడుగునా ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకొని ఉంది. గాజులు రెండు పగిలాయి, నావే. దవాఖానాలో దించగానే ఒక సిస్టరు వచ్చి, మీరు ఈమెకు ఏమైతరు అని అడిగింది. నేను తడబడ్డాను. తల్లిని కాను, అత్తను కాను. నా నోట్లో నుంచి, "ఓనర్ని" అని వచ్చింది.

అక్కడున్న వాళ్లంతా తిరిగి చూశారు. ఆ సిస్టరు కళ్లు పెద్దవయ్యాయి. అంత నొప్పిలోనూ స్ట్రెచర్ మీద ఆ అమ్మాయి పకపకా నవ్వింది. నవ్వుతూనే లోపలికి వెళ్లింది. నేను ఆ వరండాలో నిలబడి, దేవుడా, ఆ నవ్వు అట్లాగే ఉండనియ్ అని మొక్కుకున్నాను. సాయంత్రం కాకముందే నర్సమ్మ బయటికి వచ్చి ఆడపిల్ల అని చెప్పింది. తల్లీబిడ్డా బాగున్నారు. అదే పూట గూడెం నుంచి వాళ్లమ్మ ఫోన్ చేసింది, సిగ్నల్ కోసం గుట్టెక్కి. వాగు నిండుగా పోతోందట.

ఇంటికి తెచ్చే రోజున నేను పొద్దున్నే పసుపూ సున్నం కలిపి ఎర్రనీళ్లు చేసి పళ్లెంలో పెట్టుకున్నాను. కాలనీలో ఒకరిద్దరు తలుపుల్లో నిలబడి చూస్తున్నారు. పక్కింటావిడ గోడ దగ్గరే ఉంది. ఆటో వచ్చి గేటు ముందు ఆగింది. నర్సమ్మ దిగింది. చెల్లెలు దిగలేదు. బిడ్డను చీర చెంగులో దాచుకొని, ఆటోలోనే కూర్చొని, నా వైపు చూసింది.

"దిగొచ్చునా పెద్దమ్మా?"

గేటు రెండు రెక్కలూ తీశాను. కారు లేని ఇంటికి రెండు రెక్కల గేటు ఎందుకని అప్పట్లో నేనే మా ఆయనతో గొడవపడ్డాను. దిగు బిడ్డా, కుడికాలు పెట్టి రా అన్నాను. తల్లికీ బిడ్డకూ కలిపి దిష్టి తీశాను. ఎర్రనీళ్లు దారిలో పోసి వచ్చేసరికి ఇద్దరూ మెట్లెక్కి పైకి వెళ్లిపోయారు. మోటరు స్విచ్ తాళం తీసి, ఆ తాళంకప్పను వంటింటి అటక మీద పడేశాను. స్నానాలకు నీళ్లు ఎప్పుడు కావాల్సి వస్తాయో ఎవరికి తెలుసు.

అంతలో పైన బిడ్డ ఏడుపు అందుకుంది. కొత్త గొంతు, ఇల్లంతా వినపడేటట్టు. పక్కింటావిడకు అన్నీ తెలుసు, అంతా చూస్తూనే ఉంది. అయినా అలవాటు కొద్దీ అడిగిందో, కావాలనే అడిగిందో, గోడ మీది నుంచి తల పెట్టి, "గా ఏడుపు ఎవరిది వదినా?" అంది.

"మా ఇంటిదే" అన్నాను.